ఖరీదైన చేనేత మీద ‘సస్టెయినబుల్’ ట్యాగు: ఏం రాయొచ్చు, ఏం చేసి చూపించాలి?

హన్మకొండ_షోరూం
అందరికీ నమస్తే. దసరాకు ఒక ఖరీదైన వరుస పెడుతున్నాం. మహదేవ్‌పూర్ టసర్ (అడవి పట్టు) చీరలు 40, వరంగల్ కొత్తవాడ జంపఖానాలు (దర్రీలు) 25 (4×6 అడుగులవి 15, 6×9 అడుగులవి 10). చీర ధర 18 వేల నుంచి 30 వేల వరకు ఉంటుంది. ఈ ధరలో కొనేవాళ్లు ధర కంటే ముందే అడుగుతున్న మాట, ‘ఇది సస్టెయినబులేనా?’ అని. డిజైనర్ పంపిన ట్యాగు ఇట్లా ఉంది:

‘100% సహజం. ఎకో ఫ్రెండ్లీ. జీరో వేస్ట్. సహజ రంగులు. ఆర్గానిక్ కాటన్. అహింసా పట్టు.’

దీంట్లో ఏ మాట నిలబడుతుంది? నిలబడని దానికి తయారీలో ఏం మార్చాలి? రంగులు, నూలు, మిగిలిన సరుకు, ప్యాకింగ్, అన్నిటి మీదా వివరంగా చెప్పండి. చీరల పడుగులు (నిలువు పోగులు) ఇంకా పోయలేదు, కాబట్టి మార్చుకునే వీలుంది.

ట్యాగ్_పరీక్ష
మేడం, ఆ ఆరు మాటల్లో ఇప్పటికిప్పుడు ఒక్కటీ నిలబడదు. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’, ‘నేచురల్’, ‘ఆర్గానిక్’, ‘సస్టెయినబుల్’ లాంటి మాటలు ఒంటరిగా వాడకూడదు. పక్కనే అది ఏ విషయంలోనో చెప్పాలి, దానికి రుజువు ఉండాలి, ఆ రుజువు కొనేవాళ్లకు అందాలి. ట్యాగు మీద చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్ పెట్టొచ్చు.

అంటే ‘సహజ రంగులు’ అని వదిలేయకుండా ‘అంచు ఎరుపు: మంజిష్ఠ, పటిక. ఒళ్లు: రంగు వేయని నూలు’ అని రాయాలి. మొదటిది ప్రకటన, రెండోది సమాచారం. ఖరీదైన సరుకు కొనేవాళ్లకు రెండో దాని మీదే నమ్మకం కుదురుతుంది.

వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మాత్రాన షోరూం ఆ ముద్ర అచ్చేసుకోవచ్చని కాదు. నేసినవాళ్లో వాళ్ల సంఘమో అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. సరుకు తీసుకునేటప్పుడే ఆ నమోదు కాపీ అడగండి. చేనేత ముద్ర, సిల్క్ మార్క్ కూడా అంతే, దేని దరఖాస్తు దానిదే.

మద్దిచెట్టు
‘అహింసా పట్టు’ అన్నది ముందుగాల కొట్టేయండి అక్కా. సాఫీగా మెరిసే టసర్ కావాలంటే దారం తెగకుండ తీయాలె. గూడును పురుగు బయటికి రాకముందే ఎండకో ఆవిరికో పెడ్తరు, లోపలి పురుగు చస్తది. సీతాకోక తొలుచుకొని పోయిన గూళ్ల నుంచి తీసేది ఘిచా నూలు. అది గరుకుగ, ఎగుడుదిగుడుగ ఉంటది. చీరంతా తొలిచిన గూళ్ల ఘిచా అయితేనే ఆ మాట రాయొచ్చు, అప్పుడు చీర బరువు పెరుగుతది, కుచ్చిళ్లు లావుగ పడ్తయి. కొంగుల మాత్రం ఘిచా పేక (అడ్డం పోగు) వాడితే ‘కొంగు పేక: ఘిచా’ అని రాయండి. కొంగుకు ఆ గరుకుతనం అందమే.

మన దగ్గర చెప్పుకోదగ్గ సంగతి వేరే ఉంది. ఈ పురుగు మహదేవ్‌పూర్, చెన్నూరు దిక్కు అడవుల నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద బతుకుతది. మద్ది నిలబడి ఉంటేనే పంట. మల్బరీ లెక్క తోట వేసి, ఎరువేసి పెంచేది కాదు. అడవిల చెట్టును కాపాడుకునే పని ఇది, ట్యాగు మీద రాయదగ్గ మాట ఇది.

అయితే ఒక మెలిక ఉంది. టసర్ పేరున వచ్చే చాలా చీరలల్ల పేక మనది, పడుగు బయటిది. వ్యాపారంల ‘కొరియా దారం’ అంటరు, అది వేరే జాతి పురుగుది. సన్నగ, సమానంగ ఉంటది, మగ్గం మీద తెగదు, అందుకే వాడ్తరు. కొన్నిట్ల పడుగు మల్బరీ, కొన్నిట్ల పత్తి నూలు. నేసే కాడికి పోయి రెండు ప్రశ్నలు వేరువేరుగ అడగండి: ‘పడుగు ఎక్కడిది? పేక ఎక్కడిది?’ ‘టసరేనా’ అని ఒక్కటే అడిగితే అందరూ అవుననే అంటరు, అది అబద్ధం గూడ కాదు.

ట్యాగ్_పరీక్ష
దీనికి చిన్న పరీక్ష జోడిస్తా. గుడ్డ అంచు నుంచి పడుగు పోగులు నాలుగు, పేక పోగులు నాలుగు విడివిడిగా లాగండి. బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం గాజు గ్లాసులో పోసి వాటిని వేయండి. పట్టు పోగు ఏదైనా కాసేపట్లో కరిగి మాయమవుతుంది. నూలు, పాలిస్టర్ అట్లాగే మిగులుతాయి. గాలి ఆడే చోట, చేతికి తొడుగు వేసుకొని చేయండి.

మిగిలినదాన్ని మంట దగ్గర పెట్టండి. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద రాలితే నూలు. ముడుచుకుపోయి నల్లటి గట్టి పూస కడితే పాలిస్టర్. మన టసరా, బయటి టసరా అన్నది మాత్రం దీంతో తేలదు, రెండూ కరుగుతాయి. దానికి ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పోగు చూడాల్సిందే. అందుకే కొనుగోలు బిల్లులో పడుగు, పేక వేరువేరుగా రాయించుకోండి.

రంగుల_కుండ
జంపఖానాల రంగు లెక్క చెప్తాను, ముందు బరువుతో మొదలుపెడదాం. చదరపు మీటరుకు 1.2 కిలోలు అనుకుంటే 4×6 ఒక్కటి సుమారు 2.7 కిలోలు, 6×9 ఒక్కటి సుమారు 6 కిలోలు. మీ 25 ముక్కలకు 100 కిలోల నూలు అవుతుంది.

ఆ వందా సహజ రంగులో ముంచాలంటే కిలోకు 20 లీటర్ల చొప్పున ఒక్క స్నానానికే 2,000 లీటర్లు. ఉడకబెట్టడం, కరక్కాయ, పటిక, సుద్ద నీళ్ల కట్టడి, రంగు, రెండు జాడింపులు కలిపి ఏడు స్నానాలు. మొత్తం 14,000 లీటర్లు, పొయ్యి కట్టెలు వేరే. అది చేసి ‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాయడం నా వరకు తప్పు.

ఒళ్లంతా కోరా నూలు ఉంచండి. అంచులకు, నమూనాలకు మాత్రమే రంగు వేస్తే 30 కిలోలతో సరిపోతుంది. నీళ్లు 4,200 లీటర్లకు దిగుతాయి. మిగతా లాభాలన్నీ ఈ ఒక్క నిర్ణయం తర్వాతే.

ఇక కిలో నూలుకు ఎరుపు వేసే పద్ధతి.

ముందు నూలులోని మైనం, నూనె పోవాలి. 20 లీటర్ల నీళ్లలో 25 గ్రాముల చాకలి సోడా, 10 గ్రాముల మెత్తని సబ్బు వేసి గంటన్నర ఉడికించండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. నూలు చిలపను (కట్టను) పిండి ఆరబెట్టి దాని మీద ఒక నీటి చుక్క వేయండి. మూడు సెకన్లలోపు ఇంకిపోవాలి. చుక్క పూసలా నిలబడితే మళ్లీ ఉడికించాలి. మచ్చలు మచ్చలుగా రంగు పట్టిన నూలు చాలాసార్లు ఇక్కడే చెడిపోయి ఉంటుంది.

తర్వాత 180 గ్రాముల కరక్కాయ పొడి నీళ్లలో రాత్రంతా. పిండి ఆరబెట్టాలి, కడగొద్దు. మర్నాడు 150 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, అందులో 18 గ్రాముల చాకలి సోడా కొద్దికొద్దిగా వేయాలి. నురుగు పొంగుతుంది, కాబట్టి గిన్నె పెద్దది తీసుకోండి. నూలు అందులో ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఒక రోజంతా వదిలేయండి. ఆ తర్వాత లీటరుకు 10 గ్రాముల సుద్దపొడి కలిపిన గోరువెచ్చని నీళ్లలో పావుగంట తిప్పండి. పోగుకు పట్టని పటిక ఇక్కడ వదిలిపోతుంది. ఈ మెట్టు దాటేస్తే రంగు బాగానే పట్టినట్టు కనిపిస్తుంది, వాడకంలో మాత్రం తెల్ల బట్టకు అంటుతుంది.

చివరకు మంజిష్ఠ పొడి 500 గ్రాములు. చన్నీళ్లలో మొదలుపెట్టి గంటలో 65, 70 డిగ్రీలకు తేవాలి, అక్కడే ఇంకో గంట ఉంచాలి. 80 దాటితే ఎరుపు ఇటుక రంగుకు, ఆపైన గోధుమకు పోతుంది. థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

కొత్తవాడ_గుంటమగ్గం
రంగులకుండ అన్నా, మంచిగ చెప్పినవ్. మన బోరు నీళ్ల సంగతి గూడ చెప్పు. ఒక ఇంట్ల ఎరుపు మంచిగొస్తది, పక్క వాడల అదే కొలతతోని మబ్బుగ వస్తది.

రంగుల_కుండ
అది నీళ్లలో ఇనుము వల్ల. గ్లాసు బోరు నీళ్లలో అర చెంచా కరక్కాయ పొడి కలిపి పది నిమిషాలు ఉంచు తమ్మీ. లేత పసుపుగానే ఉంటే నీళ్లు బాగున్నట్టు. బూడిద రంగు తిరిగితే ఇనుము ఉంది, ఆ నీళ్లతో పసుపు, ఎరుపు రెండూ మసకబారతాయి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే మంచిది. లేదంటే ఆ బోరు నీళ్లను నలుపు, బూడిద రంగులకే వాడుకో. ఇనుప గంగాళం, తుప్పు పట్టిన తీగ, కొక్కెం ఏదైనా సరే ఇదే పని చేస్తుంది. స్టీలు గిన్నె, కర్ర.

గట్టి నీళ్లలోని సున్నపు గుణం మంజిష్ఠకు చెరుపు చేయదు, ఎరుపుకు కొంచెం మేలే. ఇనుమే శత్రువు.

మేడం, ఇంకో మాట. పసుపు కొమ్ముల పసుపు, మోదుగ పూల నారింజ మన దగ్గర చవకగా దొరుకుతాయని వాడొద్దు. చూడ్డానికి ఎంత బాగుంటాయో ఎండకు అంత త్వరగా వెలిసిపోతాయి. షోరూం అద్దం దగ్గర వేలాడదీస్తే మడత బయట ఒక రంగు, లోపల ఒక రంగు అవుతుంది. పసుపు కావాలంటే పటిక మీద దానిమ్మ తొక్క వేయండి. మైలుతుత్తం, బైక్రోమేట్ వేస్తే రంగు గట్టిపడుతుందని ఎవరైనా చెబుతారు. ఆ నీళ్లు మోరీలోకి పోతాయి, వద్దే వద్దు.

హన్మకొండ_షోరూం
నీలం సంగతి? దర్రీల్లో నీలం లేకపోతే వరుస పూర్తి కాదు. చేతికి నీలం అంటుతుందని ఫిర్యాదులు మాత్రం వస్తుంటాయి.

రంగుల_కుండ
నీలిమందు 100 గ్రాములు, నీళ్లు చల్లి ఆర్చిన సున్నం పొడి 200, పండ్ల చక్కెర (ఫ్రక్టోజ్) 300. ఒకటి, రెండు, మూడు అని గుర్తు. 50 డిగ్రీల నీళ్లలో కలిపి, ఉండనిచ్చి, మెల్లగా తిప్పాలి, గాలి బుడగలు లేవకూడదు. పైన రాగి రంగు మీగడ తేలి, కింద నీళ్లు పసుపుపచ్చగా కనిపిస్తే తొట్టి సిద్ధం. కింద కూడా నీలంగానే ఉంటే తొట్టి ఇంకా తయారు కాలేదని అర్థం, కొంచెం చక్కెర వేసి వేడి నిలపండి.

అంటడానికి అసలు కారణం తొందర. చిక్కటి తొట్టిలో ఒక్కసారే ముంచి ముదురు నీలం తెస్తే రంగు పోగు పైన పూతలా కూర్చుంటుంది. పల్చటి తొట్టిలో ఆరేడు సార్లు ముంచాలి. ప్రతి ముంపుకూ మధ్య 10, 15 నిమిషాలు గాలికి వేలాడదీయాలి. పోగు పచ్చగా బయటికొచ్చి, చూస్తుండగానే అంచుల నుంచి నీలం తిరుగుతుంది. పూర్తిగా నీలం అయ్యాకే మళ్లీ ముంచాలి. చివర పల్చటి వెనిగర్ నీళ్లలో జాడించి, సబ్బు నీళ్లలో ఉడికించండి. అప్పటికి వదలాల్సింది వదిలేస్తుంది.

ఇంత చేసినా తడి గుడ్డతో రుద్దితే నీలం కొంచెం అంటుతుంది. అది ట్యాగు మీదే రాయండి. టసర్‌కు ఈ సున్నం తొట్టి వాడొద్దు, మెరుపు పోతుంది.

ట్యాగ్_పరీక్ష
ఆ ‘కొంచెం’ ఎంతో ల్యాబ్ అంకెల్లో చెబుతుంది. రుద్దుడు పరీక్ష ఐఎస్‌వో 105 ఎక్స్12, ఉతుకుడు సీ06, వెలుతురు బీ02. మొదటి రెండిటికీ 1 నుంచి 5, వెలుతురుకు 1 నుంచి 8 గ్రేడులు. ప్రతి రంగుకూ ఒక నమూనా చాలు, ప్రతి ముక్కకూ అక్కర్లేదు. రంగు లాట్ మారితే మాత్రం మళ్లీ చేయించాలి.

రసాయన రంగులు వాడే లాట్ ఉంటే అజో పరీక్ష తప్పనిసరి అనుకోండి. విరిగినప్పుడు హానికర అమైన్లు వచ్చే అజో రంగులను మన దేశం 1990లలోనే నిషేధించింది. యూరప్ హద్దు కిలోకు 30 మిల్లీగ్రాములు. ‘అజో ఫ్రీ’ అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, రంగు వేసిన నూలునే పరీక్షకు పంపండి.

నల్లరేగడి
‘ఆర్గానిక్ కాటన్’ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిలో దాదాపు అంతా బీటీ (జన్యువు మార్చిన) విత్తనానిదే. ఆర్గానిక్ ధ్రువీకరణలో బీటీ విత్తనం కుదరదు. మందు కొట్టలేదు కాబట్టి ఆర్గానిక్ అనే మాట చెల్లదు.

నిజంగా ఆర్గానిక్ పత్తి పండించే రైతు సంఘాలు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఉన్నాయి. చేను దగ్గర అంతా సరిగ్గానే ఉంటుంది, చెడేది జిన్నింగ్ దగ్గర. ముందు లాట్ బీటీ పత్తి ఆడిన మిషన్‌లో శుభ్రం చేయకుండా ఆర్గానిక్ పోస్తే రెండూ కలిసిపోతాయి. అందుకే గాట్స్ (ఆర్గానిక్ బట్టల అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో జిన్నింగ్, స్పిన్నింగ్, రంగు, నేత, ప్రతి చేతి మార్పుకూ లావాదేవీ పత్రం ఉంటుంది. నూలు మిల్లు గోడ మీద వేలాడే స్కోప్ సర్టిఫికెట్ (మిల్లుకు మొత్తంగా ఇచ్చేది) చూపిస్తే సరిపోదు, ‘మీ’ లాట్‌కు, ‘మీ’ కిలోలకు పత్రం అడగండి. ఆ పత్రాల్లోనూ మోసం జరిగింది. 2020లో 20,000 టన్నుల పత్తికి నకిలీ పత్రాలు పుట్టాయని గాట్స్ సంస్థే బయటపెట్టింది, అదీ మన దేశంలోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. నూలు ఆర్గానిక్ అయినా, మీ రంగు ఇల్లు, మగ్గం ఆ గొలుసులో లేకపోతే తయారైన సరుకు మీద గాట్స్ ముద్ర వేయకూడదు. వంద కిలోల దర్రీలకు అంత ఖర్చు గిట్టుబాటు కాదు. ‘పత్తి నూలు, ఫలానా మిల్లు, ఫలానా కౌంట్’ (నూలు ఎంత సన్నదో చెప్పే అంకె) అని నిజం రాయండి, ఆర్గానిక్ మాట వదిలేయండి.

సిరిసిల్ల_సాంచె
మా దిక్కు పాలిస్టరే ఎక్కువ నడుస్తది. గీసుగొండ బట్టల మెగా పార్కుల ప్లాస్టిక్ సీసాలు రీసైకిల్ చేసే యూనిట్ వచ్చింది. ఆ దారంతోని నేసిన చీరలు ఈ వరుసల పెట్టొచ్చునా?

ట్యాగ్_పరీక్ష
అన్నా, పెట్టొచ్చు, కానీ వేరే అల్మారాలో. జీఆర్‌ఎస్ (రీసైకిల్ సరుకు ప్రమాణం) పద్ధతిలో సరుకు మీద ముద్ర వేయాలంటే కనీసం 50 శాతం రీసైకిల్ దారం ఉండాలి, పత్రాల గొలుసు పత్తికి చెప్పినట్టే. చేనేత వరుసలో కలిపితే చేనేతకే నష్టం. సీసా నుంచి వచ్చిన చీర మళ్లీ సీసా కాదు, ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పీచు వదులుతుంది. మంచి మాట ఒకటుంది, కొత్త చమురు తగ్గుతుంది. రెండూ రాస్తే కొనేవాళ్లే తేల్చుకుంటారు.

కొత్తవాడ_గుంటమగ్గం
‘జీరో వేస్ట్’ లెక్క నేను చెప్తా. ప్రతి పడుగు చివర్ల ముప్పావు మీటరు దాక నేయరాని తోక మిగులుతది, పన్నె, దోనె అనే మగ్గం భాగాల నడుమ చెయ్యి ఆడదు. రెండు చీరలకొక పడుగు పోస్తే 40 చీరలకు 20 తోకలు, 15 మీటర్ల పడుగు పాయె. ఎనిమిది చీరలకొక పడుగు పోస్తే 5 తోకలే, నాలుగు మీటర్ల లోపల అయిపోతది. ఖరీదైన సరుకని ప్రతి చీరకు వేరే పడుగు రంగు అడుగుతరు, నూలు పోయేది గక్కడనే.

ఐదు పడుగు రంగులు పెట్టుకో అక్కా. పేక, కొంగు, అంచు బుటా మార్చుకుంట పోతే ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు ఎనిమిది తీర్లుగ వస్తయి. పాత పడుగు కొసకు కొత్త పడుగు పోగుకు పోగు అతికితే ఇంకింత తగ్గుతది, కానీ రెండిట్ల పోగుల లెక్క, కౌంట్ ఒక్కటే ఉండాలె.

జంపఖానాల మిగిలిన రంగు నూలును పారేసుడు లేదు. వేరే రంగు పోగుతోని గాని కోరాతోని గాని కలిపి పురి పెడితే జాస్పే నూలు అయితది. పేకల వేస్తే చుక్కల చుక్కల నీడ వస్తది, మరక గూడ కనిపియ్యది. నీ కోరా జంపఖానాల నడుమ జాస్పే పట్టీ పెట్టు. కోరా తొందర మాసిపోతదన్న భయం గూడ తీరుతది.

ఇంకోటి, కూలి. చీరకింత అని నేసినోనికి ఇస్తరు. ఆసు పోసుడు, గంజి పెట్టుడు, కండెలు చుట్టుడు ఇంట్ల ఆడోళ్లు చేస్తరు, దానికి లెక్క ఉండదు. 2019-20 చేనేత గణనల పనోళ్లల్ల 72 శాతం ఆడోళ్లే అని తేలింది. కూలి చీటిల మగ్గం ముందటి పనికి వేరే వరుస గీయండి, రోజులు రాయండి, పైసలు వాళ్ల ఖాతాలెయ్యండి. ఇది లేకుంట ఎన్ని ముద్రలు కొట్టినా నా లెక్కల అది మంచి సరుకు కాదు.

నల్లరేగడి
ఈ మాటకు నా పూర్తి మద్దతు. ధర పెద్దదైతే కూలి కూడా పెద్దదే అయి ఉంటుందని అనుకోవద్దు. 2024లో ఇటలీలోని మిలాన్ కోర్టు, ఖరీదైన ఫ్యాషన్ కంపెనీ డియోర్ తయారీ విభాగాన్ని కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. బ్యాగులు కుట్టే సబ్ కాంట్రాక్టు వర్క్‌షాపుల్లో కూలీల దోపిడీని పట్టించుకోలేదన్నది కారణం. సబ్ కాంట్రాక్టు కింద ఇంకో సబ్ కాంట్రాక్టు, అక్కడ ఎవరి కంటా పడదు. మీ 65 ముక్కలూ ఏ మగ్గం మీద నేశారో రాసిపెట్టుకుంటే ఆ చీకటి ఉండదు.

హన్మకొండ_షోరూం
కూలి చీటీలో ఆ వరుస పెడతాం అన్నా. అమ్ముడుపోనివి ఏం చేయాలి? పండగ దాటాక సగం ధరకు పెడితే పూర్తి ధర ఇచ్చినవాళ్లు బాధపడతారు.

ట్యాగ్_పరీక్ష
ఆ భయంతోనే పెద్ద కంపెనీలు కాల్చేసేవి. 2017-18లో బ్రిటన్ ఫ్యాషన్ కంపెనీ బర్బెరీ 2.86 కోట్ల పౌండ్ల సరుకు నాశనం చేసింది, గగ్గోలు లేచాక 2018 సెప్టెంబర్‌లో మానేస్తామంది. యూరప్‌లో ఇప్పుడు చట్టమే వచ్చింది. అమ్ముడుపోని బట్టలు, చెప్పులు నాశనం చేయడం పెద్ద కంపెనీలకు 2026 జూలై 19 నుంచి నిషేధం. చిన్న దుకాణాలకు అది వర్తించదు, మీకు అసలే కాదు. చీరకు సైజు ఉండదు, ఫ్యాషన్ మెల్లగా మారుతుంది, అందుకే మీ చిక్కు చిన్నది. నలభైలో ఇరవై నాలుగు నేయించి పెట్టండి. మిగతా రెండు పడుగులు పోసి ఉంచి, పేక రంగు కస్టమర్ ఎంచుకున్నాక నేయించండి. ఎన్ని వారాలు పడుతుందో నేసేవాళ్లను అడిగి బిల్లు మీద తేదీ వేయండి.

రఫూ_సూది
ఇంతవరకు ఎవరూ మరమ్మతు ఊసెత్తలేదు. ఖరీదైన వస్తువు ఇరవై ఏళ్లు కట్టుకోగలిగితేనే దాని నీళ్లకు, కూలికి, ధరకు అర్థం ఉంటుంది. కాబట్టి అమ్మే రోజే మరమ్మతు సిద్ధంగా ఉండాలి.

ప్రతి రంగు లాట్ నుంచి నూలు తీసి పెట్టండి. జంపఖానాకు రంగుకు 100 గ్రాములు, చీరకు పడుగు 5 గ్రాములు, పేక 10 గ్రాములు. లాట్ నంబరు రాసి, కాగితం కవర్లో, చీకటి అల్మారాలో. రెండేళ్ల తర్వాత అదే ఎరుపు మళ్లీ వేయించడం దాదాపు అసాధ్యం, మంజిష్ఠ ప్రతి బస్తాకూ మారుతుంది.

జంపఖానా ముందు చెడేది కొసల దగ్గర, పడుగు ముడులు ఊడి పేక జారుతుంది. ముడి వేసే ముందు చివరి నాలుగు పేక వరుసలను సూదితో పడుగులోకి వెనక్కి కుట్టేస్తే ఏళ్ల తరబడి కదలదు. దీన్ని నేతగాళ్లతోనే చేయించి కూలి కలిపి ఇవ్వండి. నమూనాల దగ్గర రెండు రంగుల పేకలు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోకుండా నేస్తే నిలువు చీలిక వస్తుంది. సరుకు తీసుకునేటప్పుడు ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టండి. సన్నని గీతలా వెలుగు కనిపిస్తే వెనక్కి పంపండి.

టసర్ చీర మడత దగ్గర చీలుతుంది, జరీ ఉన్నచోట ఇంకా ముందు. మూడు నెలలకోసారి మడత మార్చాలి. తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ కవర్ వద్దు, కలరా ఉండలు జరీకి తగలొద్దు, నల్లబడుతుంది. రఫూ చేసేవాళ్లు ఒక అంగుళం చిరుగును అదే పడుగు, పేక పోగులతో మళ్లీ నేస్తారు. ఆ పోగులు మీ దగ్గర ఉంటేనే ఆ అతుకు కలిసిపోతుంది. మొదటి మరమ్మతు ఉచితమని బిల్లు మీద రాయండి, ట్యాగు మీద ఆ ఆరు మాటల కంటే అది బలం.

రంగుల_కుండ
ప్యాకింగ్ ఒక్క ముక్కలో: గుడ్డలా కనిపించే నాన్ ఓవెన్ సంచి ప్లాస్టిక్కే. 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కంటే పల్చటిది నిషేధం కూడా. చీర చుట్టే ఆ తెల్ల నూలు గుడ్డనే ప్యాకింగ్ చేసుకుంటే రెండు ఖర్చులు ఒకటవుతాయి.

హన్మకొండ_షోరూం
అందరికీ ధన్యవాదాలు. ఎనిమిదేసి చీరలకు ఒక పడుగు, ఐదు రంగులు ఖాయం చేశాం. జంపఖానా ఒళ్లు కోరా, నడుమ జాస్పే పట్టీ, అంచు మంజిష్ఠ, నీలి. చీర ట్యాగు ఇట్లా రాస్తున్నాం, చూడండి:

‘100% టసర్ పట్టు. పడుగు: కొరియా టసర్. పేక: మహదేవ్‌పూర్ టసర్, మద్ది చెట్ల మీద పెరిగినది. కొంగు పేక: ఘిచా. అంచు: జరీ. ఒళ్లు: రంగు వేయలేదు, బ్లీచ్ చేయలేదు. గుంట మగ్గం మీద నేత. రంగు లాట్: __. మరమ్మతు పోగులు షోరూంలో ఉన్నాయి, మొదటి రఫూ ఉచితం.’

మద్దిచెట్టు
మంచిగుంది అక్కా. ‘100% టసర్’ అని పైన రాసి కింద జరీ అంటున్నవ్, అది కుదరదు. జరీల రాగి, వెండి, లోపలి పోగు ఉంటయి. జరీని తీసి తూకం వేయించి శాతం రాయి, లేదంటే ‘జరీ అంచు తప్ప’ అను.

ట్యాగ్_పరీక్ష
అవును. ఆ జరీ అసలుదా, టెస్టెడా (రాగి తీగది), ప్లాస్టిక్‌దా అన్నదీ రాయండి. ప్లాస్టిక్ జరీ అయితే పాతబడ్డాక తీసి అమ్ముకునే విలువ ఉండదు, అసలు జరీలో వెండి తిరిగొస్తుంది. ‘రంగు వేయలేదు’ అన్నది ఒళ్లుకే కదా. ఐదు పడుగులకు ఐదు రంగులు అన్నారు, రంగు పడుగు ఉన్న చీరల మీద ఆ వాక్యం ఉండకూడదు, రెండు రకాల ట్యాగులు అచ్చు వేయించాలి.

హన్మకొండ_షోరూం
నిజమే, రంగు వేయని పడుగు ఒక్కటే, మిగతా నాలుగూ రంగువి. ట్యాగు అచ్చు ఆపించాను. జరీ నమూనా రేపు పరీక్షకు పంపుతాం, ఫలితం వచ్చాక ఇక్కడే పెడతాను.